గుట్టాయన వాటా

నాకు చిన్నప్పటి నుంచీ ఒక జబ్బు ఉంది. ఎదుటివాళ్లు సగం మాట చెప్పి ఆపేస్తే, మిగతా సగం తెలుసుకునేదాకా నాకు అన్నం సహించదు. కోదాడలో మా అమ్మ దీనికి "ఆరాల పిచ్చి" అని పేరు పెట్టింది. అడగందే అమ్మయినా పెట్టదంటారుగా అని నేను ఎదురు చెబితే, "అడిగావని అన్నీ పెడితే అరగొద్దుటే?" అనేది. నేను నవ్వేసేదాన్ని. నవ్వడం మానేసింది పద్దెనిమిదో ఏట, ఒక మేకల తాత వీపు చూశాక.

నలభై ఎనిమిదిలో యూనియన్ మిలిటరీ వచ్చి, రజాకార్ల గొడవ అణిగాక, మావాళ్లు ధైర్యం చేసి నన్ను కాపురానికి పంపారు. పెళ్లి అంతకు ఏడాది ముందే అయింది. రోడ్డు మీద ఎవరు ఎవరిని ఆపుతారో తెలియని రోజులు కావడంతో అప్పటిదాకా పుట్టింట్లోనే ఉంచేశారు. కోదాడ నుంచి సూర్యాపేట దాకా బస్సు, అక్కడి నుంచి పెన్‌పహాడ్ దిక్కుగా ఎడ్లబండి. మా ఆయన జంగ్లాత్ జవాను, అంటే అడవి శాఖలో కాపలా ఉద్యోగం. ఖాకీ చొక్కా, దాని మీద ఇత్తడి బిల్ల, చేతిలో కర్ర. ఆయన కాపలా కాసే అడవేదో మహా కీకారణ్యం అనుకుని వచ్చాను. తీరా చూస్తే మా ఇంటి వెనక ఒక పొడుగాటి రాతి గుట్ట, దాని చుట్టూ మోదుగు, తునికి, సీతాఫలం పొదలు. "ఇదేనా అండీ అడవి?" అన్నాను బండి దిగకముందే. ఆయన బండి తోలే మనిషి ముందు సిగ్గుపడి, "దిగు జర, తర్వాత మాట్లాడుదువు" అన్నాడు.

ఆ గుట్టను అందరూ "మహసూరా" అనేవాళ్లు. సర్కారు కట్టడి చేసిన అడవి అని అర్థం. సున్నం కొట్టిన రాళ్ల కుప్పలు దాని హద్దు. హద్దు లోపల పచ్చిచెట్టు మీద గొడ్డలి పడకూడదు, మేక మేయకూడదు, పర్వానా లేకుండా తుపాకి పేలకూడదు. రూలు అది. ఊరు మాత్రం ఆ గుట్టను ఆనుకునే బతికేది. ఎండుకట్టెలు అక్కడివే, విస్తళ్లకు మోదుగాకులు అక్కడివే, చీపురుగడ్డి అక్కడిదే. ఆకులు కోసే ఆడవాళ్లు ఎదురుపడితే మా ఆయన వెనక్కి తిరిగి, చెప్పులో ముల్లు గుచ్చుకున్నట్టు వంగి కాలు చూసుకునేవాడు. ఎందుకలా అని అడిగితే, "సూస్తె పట్టాలె. అందుకే సూడ" అన్నాడు. అలాంటి మనిషి మీద నాకు ప్రేమ పుట్టక ఏమవుతుంది?

మాకు పాలు పోసేది మేకల తాత. నలభై మేకల మంద, ఒక గొంగడి, ఒక కర్ర, వెనకాలే వచ్చే మేకల అవ్వ, అదీ ఆయన ఆస్తి. వాళ్ల కొట్టం గుట్ట వాలులో, హద్దు రాళ్లకు ఈవలి పక్కన ఉండేది. పగలంతా హద్దు అంచున మేపుకుని పొద్దుగూకే ముందు మంద తోలుకొచ్చేవాడు. పాలు పోయించుకునే ఆ కాసేపట్లో నేను ఆయన్ని పీల్చి పిప్పి చేసేదాన్ని. కొండెంగలు ఒక్కసారిగా "ఖక్, ఖక్" అని ఎందుకు అరుస్తాయి? నెమలి వానకు ముందు అరుస్తుందా, వాన పడ్డాక అరుస్తుందా? ఏదుపంది ముళ్లు నిజంగా విసురుతుందా? తాత విసుక్కునేవాడు కాదు. ముళ్లు విసరదని, వెనక్కి నడిచి పొడుస్తుందని చెప్పాడు. అలుగును చూపించాడు ఒకరోజు. పెంకుల చొక్కా తొడుక్కున్న ఆ జంతువు నన్ను చూసి బంతిలా చుట్టుకుపోయింది. నేను అరగంట దాని పక్కన కూర్చున్నాను, విప్పుకుంటుందేమోనని. విప్పుకోలేదు. "నీ అసొంటి మనిషి పక్కన కూసుంటె అదెట్ల ఇప్పుకుంటది బిడ్డా?" అన్నాడు తాత.

గుట్ట పడమటి వైపు రాళ్ల మధ్య దొన ఉందని, అంటే బండలో నీళ్లు నిలిచే గుంట ఉందని, ఎండాకాలమంతా గుట్ట మీది జీవాలన్నీ అక్కడే తాగుతాయని ఆయనే చెప్పాడు. ఏ జంతువు ఏ దారిన దిగుతుందో, ఏ వేళకు దిగుతుందో కూడా. కోదాడ ఆడపిల్లకు ఇవన్నీ ఎందుకని ఆయన ఎప్పుడూ అనలేదు.

ఒక సాయంత్రం మందలో కుంటి మేక కనబడలేదు. వెనక కాలు ఈడుస్తూ అన్నిటికన్నా చివర నడిచేది, నాకు బాగా గుర్తు.

"కుంటిది ఏది తాతా? తప్పిపోయిందా?"

"తప్పిపోలే. ఇడిసిపెట్టిన."

"విడిచిపెట్టావా? ఎవరికి?"

"గుట్టాయనకు."

ఇంకేముంది, నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. గుట్టాయన ఎవరు, ఎక్కడుంటాడు, ఆయనకు మేక ఎందుకు? తాత పాల చెంబు నా చేతికిచ్చి చెప్పాడు: మంద తోలుకొచ్చేటప్పుడు వెనకబడ్డదాని కోసం మళ్లీ వెనక్కి పోకూడదట. వెనకబడింది గుట్టాయన వాటా. ఆయన తన వాటా తను తీసుకుంటాడు, మిగతా మంద జోలికి రాడు. పైగా ఆయన ఉన్నాడనే అడవిపందులు కిందికి దిగి జొన్నచేలు తవ్వవు. "మా అయ్య ఇడిసిండు, మా తాత ఇడిసిండు. ఆయన బతకాలె, మనం బతకాలె" అన్నాడు.

"అయితే ఆయన పేరేంటి?"

తాత నన్ను ఎగాదిగా చూశాడు. "నీ పెనిమిటి పేరేందో సెప్పు, ఆయన పేరు నేను సెప్త."

నేను నోరు మూసుకున్నాను. మొగుడి పేరు నోట పలికితే ఆయుష్షు తగ్గుతుందని మా అమ్మ నూరిపోసిన పిల్లను. ఈ ముక్క రాస్తున్నప్పుడు కూడా చూడండి, "మా ఆయన" అనే రాస్తున్నాను. పాము కనబడితే మా ఇంట్లో పాము అనేవాళ్లం కాదు, పురుగు అనేవాళ్లం, పేరు పెడితే వస్తుందని. ఇన్ని తెలిసిన దానికి గుట్టాయన ఎవరో అక్కడికక్కడే తట్టాలి కదా? తట్టలేదు. ఆరాల పిచ్చి ఉన్నంత మాత్రాన బుర్ర ఉండాలని ఏముంది. ఎవరో సన్యాసి గుహలో ఉన్నాడనుకున్నాను. సన్యాసి అయితే మేకను తింటాడా? ఈ ఒక్క చిక్కుముడి నన్ను నాలుగు రోజులు వేధించింది. మా ఆయన్ని అడిగితే, "ఆ ముచ్చట ఇంట్ల ఒద్దు" అన్నాడు. బావి దగ్గర ఆడవాళ్లను అడిగితే కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. వద్దన్నకొద్దీ నాకు ఇంకా ఎక్కువైంది.

ఇప్పుడు క్యాంపు సంగతి చెప్పాలి. ఊరి దొర గొడవల్లోనే పట్నం పారిపోయాడు. ఖాళీ పడ్డ ఆయన గడీలో, అంటే కోటలాంటి ఇంట్లో, కొత్త సర్కారు సాయుధుల క్యాంపు పెట్టారు. గుట్టల్లో, అడవుల్లో దాక్కున్న కమ్యూనిస్టు దళాల వాళ్లను పట్టుకోవడం వాళ్ల పని. దాక్కున్నవాళ్లనే కాదు, వాళ్లకు గుక్కెడు గంజి పోసినవాళ్లనూ పట్టుకుపోయేవారు. పోయినవాళ్లలో కొందరు తిరిగొచ్చేవారు, కొందరు వచ్చేవారు కాదు. ఊరంతా వాళ్లను చూసి నోరు కుట్టేసుకుని ఉంటే, నాకు మాత్రం ఆ క్యాంపులో ఒక మనిషితో మాటలు కలిశాయి. వంటవాడు. బెజవాడ పక్క మనిషి. బావికి నీళ్లకు వచ్చి "ఏమ్మా, కాస్త చేద ఇస్తారా" అన్నాడు మొదటిసారి. నాలుగు నెలలుగా "గిట్ల, గట్ల" వింటున్న చెవులకు ఆ "ఇస్తారా" మా ఇంటి గుమ్మంలో విన్నట్టుంది. బాబాయిగారూ అని వరస కలిపేశాను. కోదాడ బస్సుల గురించి, బెజవాడ ఆవకాయ గురించి మాట్లాడుకునేవాళ్లం. ఊరి ఆడవాళ్లు చూసీ చూడనట్టు కడవలు ఎత్తుకుని వెళ్లిపోయేవారు. అలా వెళ్లిపోతూ వాళ్లు నాకు చెప్పిందేమిటో అప్పుడు అర్థం కాలేదు.

ఆ రోజు ఆయనతో అన్నాను: "బాబాయిగారూ, మీరు లోకం చూసినవారు. మేకలు తినే సన్యాసి ఎక్కడైనా ఉంటాడా? మా మేకల తాత గుట్ట మీద ఎవరో ఆయనకి మేకని వదిలేస్తున్నాడు. అడిగితే పేరు చెప్పడు."

ఆయన చేద కిందపెట్టాడు. "ఎన్నాళ్ల నుంచమ్మా?"

"వాళ్ల తాతల నాటి నుంచట."

"సరే, కనుక్కుని చెప్తాను" అన్నాడు. నాకు ఎంత సంతోషమైందో. నా ప్రశ్నను మొదటిసారి ఒకరు లెక్కలోకి తీసుకున్నారు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. నా మాట గడీ గేటు దాటడానికి పూట కూడా పట్టలేదు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరు తుపాకుల వాళ్లు వచ్చి తాతను పట్టుకుపోయారు. మంద చెల్లాచెదరైంది. అవ్వ ఒక్కతే కేకలేసుకుంటూ మేకల వెంట పరుగెత్తుతోంది. లోపల ఏం జరిగిందో మధ్యాహ్నానికల్లా ఊరంతా పాకింది. గుట్ట మీద ఎవడికి మేకలు పెడుతున్నావని అడిగారట. గుట్టాయనకు అన్నాడట. వాడి పేరేంటి అన్నారట. "పేరు అనొద్దు" అన్నాడట. ఎన్నిసార్లు అడిగినా, ఎంత కొట్టినా అదే మాట.

 మా ఆయన ఇంటికి రాగానే జరిగిందంతా చెప్పేశాను, నేను వంటవాడితో అన్న మాటతో సహా.  ఆయన పొయ్యిలో చల్లారిన బూడిద కొంచెం తీసి నేల మీద పరిచాడు. పిడికిలి మడిచి బూడిదలో ఒకసారి అద్దాడు. దాని ముందు వేలికొనలతో నాలుగు గుంటలు పెట్టాడు.

"గిదీ గుట్టాయన" అన్నాడు.

కుక్క పాదం కన్నా పెద్దది. గోళ్ల గీతలు లేవు. నేను తలెత్తి చూసేసరికి ఆయన అరచేత్తో బూడిద చెరిపేస్తున్నాడు. ఇంట్లో, తలుపేసుకుని, పెళ్లాం ముందు కూడా ఆ పేరు నోటితో అనలేదు. మంద గుట్ట కింద ఉన్నంతకాలం పేరు పెట్టి పిలవకూడదు, పిలిస్తే మంద మీదికి దిగుతుంది. మేకలవాళ్ల కట్టుబాటు అది.

"మరి మీరెళ్లి చెప్పండి వాళ్లకి" అన్నాను.

"నేను పాత సర్కారు నౌకరిని. నా మాట గాళ్లు ఇంటరా? మా పెద్దసాబుతో చెప్పిస్త. జర ఓపిక పట్టు" అని అప్పటికప్పుడే సూర్యాపేట బయలుదేరాడు. తర్వాత తెలిసింది, ఆ పెద్దసాబు సూర్యాపేటలో లేడు, మిర్యాలగూడ వెళ్లాడు. మా ఆయన అటు నుంచి అటే మిర్యాలగూడ పోయాడు. ఆ రోజు రాలేదు, మర్నాడూ రాలేదు.

మూడో రోజు పొద్దున అవ్వ వచ్చి మా గుమ్మం ముందు కూర్చుంది. ఏడవలేదు, తిట్టలేదు. మంచినీళ్లిస్తే తాగింది. ఆమె ఊరికే అలా కూర్చోవడం నాకు తిట్టినదానికన్నా ఎక్కువైంది. "అవ్వా, నేను వెళ్లి చెప్తాను. అది మనిషి కాదు, పులి అని..." నా మాట పూర్తికాకముందే ఆమె నా నోటి మీద చెయ్యి పెట్టింది.

"ఒద్దు బిడ్డా. ముసలోడు సెప్పలేదంటె దానికో లెక్కుంటది. ఆనికి ఇడిసెయ్."

ఆమె చెయ్యి మేకపాల వాసన వేసింది. నేను ఆ చేతిని పక్కకు తీశాను. పాపం, పాతకాలపు మనుషులు, పేరు పలికితే పులి వస్తుందన్న భయంతో ఒక ప్రాణం పోగొట్టుకుంటారా అనుకున్నాను. నాకు ఆ కట్టుబాటు లేదు. నేను కోదాడ దాన్ని. చీర కొంగు నిండుగా కప్పుకుని గడీకి నడిచాను.

క్యాంపు అధికారి వరండాలో కుర్చీ వేసుకుని బూట్లు తుడిపించుకుంటున్నాడు. ఎక్కడో ఉత్తరాది మనిషి, హిందుస్తానీ తప్ప రాదు. బాబాయిగారే నా మాట ఆయనకు, ఆయన మాట నాకు తిప్పి చెప్పాడు. నా ముఖం వంక మాత్రం చూడలేదు. నీ భర్త పేరేమిటి అన్నది మొదటి ప్రశ్న. నేను నేల చూపులు చూశాను. రెండోసారి గట్టిగా అడిగాడు. అయినా నాకు నోరు పెగల్లేదు. బాబాయిగారు "జంగ్లాత్ జవాను భార్యండీ" అని సర్దాడు.

"గుట్టాయన అంటే మనిషి కాదండీ. చిరుతపులి" అన్నాను. మొగుడి పేరు పలకలేని నోటితో ఆ పేరు ఎంత సులువుగా అనేశానో.

అధికారి నవ్వాడు. ఈ దేశంలో ప్రతి దొంగా తనను తాను పులి అనే చెప్పుకుంటాడన్నాడు. నాకు పౌరుషం వచ్చింది. వరండా మెట్టు దిగి, దుమ్ములో పిడికిలి అద్ది, నాలుగు వేళ్ల గుర్తులు పెట్టాను, మా ఆయన పెట్టినట్టే. అధికారి లేచి వచ్చి వంగి చూశాడు. ఆ మనిషి ముఖం మారిపోయింది. "తేందువా?" అన్నాడు మెల్లగా, చిరుతకు వాళ్ల భాషలో మాట అది. పిల్లవాడికి మిఠాయి పొట్లం కనిపించినట్టు కళ్లు మెరిశాయి. నాకు కుర్చీ వేయించాడు, గాజు గ్లాసులో చాయ్ తెప్పించాడు. తుడుస్తున్న బూట్ల సంగతే మర్చిపోయాడు.

నిజం చెప్పాలి కదా, నాకు గర్వంగా అనిపించింది. ఎంత పెద్దది? రోజూ దిగుతుందా? నీళ్లు ఎక్కడ తాగుతుంది? పడమటి దొనలో అని చెప్పాను. ఏ వేళకు? పొద్దు బండ వెనక్కి వాలాక, కొండెంగలు అరవడం ఆపాక అని చెప్పాను. ఎటు నుంచి దిగుతుంది? పాలచెట్టు పక్క సందు నుంచి అని చెప్పాను. తాత దగ్గర నాలుగు నెలలు కూర్చుని ఏరుకున్నదంతా బళ్లో పాఠం అప్పజెప్పినట్టు అప్పజెప్పాను. సాయంత్రం గాలి ఎటు నుంచి ఎటు వీస్తుందని అడిగినప్పుడు ఒక్క క్షణం ఆగాను. గాలితో ఈయనకేం పని? ఆ సంగతి నాకు తెలియలేదని ఇప్పుడు బొంకను. తెలిసింది. లోపలి గదిలోంచి ఎవరిదో మూలుగు వినిపిస్తోంది. గాలి కూడా చెప్పేశాను.

"చర్మం ఈ వరండాలో పడ్డ రోజు ముసలివాణ్ణి వదిలేస్తా" అన్నాడు అధికారి.

మా ఆయన ఆ మధ్యాహ్నమే తిరిగొచ్చాడు, పెద్దసాబు దొరక్కుండానే. నా మాట విని ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. ముఖం కడుక్కుని, ఖాకీ చొక్కా తొడుక్కుని, ఇత్తడి బిల్ల సరిగ్గా పెట్టుకుని గడీకి వెళ్లాడు. మహసూరాలో తుపాకి పేల్చాలంటే పర్వానా కావాలని ఆ అధికారి ముందు నిలబడి చెప్పాడట. జీవితంలో ఒక మనిషికి ఎదురు చెప్పింది ఆయన అదొక్కసారే. అధికారి ఆ బిల్లను వేలితో తట్టి, "ఇది ఏ సర్కారుది?" అని అడిగాడట.  బిల్ల పాత సర్కారుది. కొత్త సర్కారు బిల్లలు ఇంకా రాలేదు. మా ఆయన ఇంటికొచ్చి చొక్కా విప్పి వంకెకు తగిలించి, చెప్పులు కూడా లేకుండా వాకిట్లో కూర్చున్నాడు. అన్నం పెడతానంటే తల అడ్డంగా ఊపాడు.

సాయంత్రం ఇంకా వెలుతురు ఉండగానే గుట్ట వెనక తుపాకి పేలింది. కాసేపాగి మళ్లీ ఒకటి. కొండెంగలు గుట్టంతా ఏకంచేసి అరిచాయి. నలుగురు మనుషులు చిరుత కాళ్లు వెదురు బొంగుకు కట్టి మోసుకొచ్చి గడీ ముందు దించారు. ఊరంతా వచ్చింది. నేనూ వెళ్లాను, వెళ్లకుండా ఉంటానా. నేను అనుకున్నంత పెద్దదేం కాదు. సన్నటి నడుము, ముఖం మీద చిన్న చిన్న చుక్కలు, ఒక చెవి అంచు చిరిగి ఉంది. చర్మం మీది మచ్చలు చూడాలని ముందుకు తోసుకెళ్లినదాన్ని కడుపు వైపు చూసి ఆగిపోయాను. పొదుగులు ఉబ్బి ఉన్నాయి. చనుమొనల చుట్టూ వెంట్రుకలు నలిగిపోయి, చర్మం ఎర్రగా ఉంది. ఊళ్లో బాలింతలైన ఆడవాళ్లందరికీ అది ఒక్క చూపులో అర్థమైంది. మగవాళ్లకు ఇంకా అర్థం కాలేదు, వాళ్లు తోక పొడవు కొలుస్తున్నారు.

అప్పుడే తాతను వదిలారు. ఇద్దరు పట్టుకుంటే నడుస్తూ వచ్చాడు. దాని దగ్గర ఆగాడు. చర్మం చూడలేదు, తల చూడలేదు. కడుపు మీద చెయ్యి పెట్టి, తీసేసి, ఇంటి దారి పట్టాడు.

తర్వాతి సంగతులు ఇక్కడే చెప్పేస్తాను. ఆ వానాకాలం పందులు గుట్ట దిగి జొన్నచేలు మొదలంటా తవ్వేశాయి. మరుసటి ఏడు ఎవరో హద్దు రాళ్ల సున్నం మీదే కట్టెలు కొట్టి పేర్చారు. జీపుల్లో వచ్చి జింకలను, కుందేళ్లను కొట్టుకుపోయేవారు, అడిగే దిక్కు లేదు. కొత్త బిల్లలు వచ్చేసరికి గుట్ట మీద కాపలా కాయడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. అందరూ నన్ను మెచ్చుకున్నారు మాత్రం. ఆడది గడీలోకి నడిచి వెళ్లి ముసలివాడి ప్రాణం తెచ్చిందని సూర్యాపేట సంతలో కూడా చెప్పుకున్నారట. నాకు అది వినబడ్డప్పుడల్లా లోపలికి వెళ్లిపోయేదాన్ని.

తాత తిరిగొచ్చిన మూడో రోజున గిన్నెలో కాస్త వెన్న తీసుకుని వాళ్ల కొట్టానికి వెళ్లాను. తాత బోర్లా పడుకుని ఉన్నాడు. అవ్వ ఆముదంలో పసుపు కలిపి వీపుకు రాస్తోంది. ఆ వీపు గురించి ఇంకేం రాయను. వెన్న పక్కన పెట్టి, "తాతా, తప్పయిపోయింది" అని ఏడ్చేశాను. మొదటి మాట అడ్డగోలుగా వంటవాడికి చెప్పినందుకు, నా వల్ల దెబ్బలు పడ్డందుకు. అప్పటికీ నా లెక్కలో తప్పు అదొక్కటే. గడీకి వెళ్లి చెప్పడం నా తప్పును కడిగేసిందనే అనుకుంటున్నాను.

తాత తల పక్కకు తిప్పాడు.

"రెండు పిల్లలుండె. పాలచెట్టు కాడి బండ కింద. నన్ను పట్టుకపోయే రెండొద్దుల ముందే సూసిన, అప్పుడే కండ్లు తెరిసినయ్. ఇంటికొచ్చినంక ఈమెను పొయ్యి సూడమన్న." అవ్వ చెయ్యి ఆగింది. "నిన్న పొయ్యింది. ఒకటి సచ్చిపోయింది. ఇంకోటి లేదు, నక్కలు గుంజుకపోయినట్టున్నయ్."

"నాకు తెలియదు తాతా. నువ్వు పేరు పలికితే మంద మీదికి వస్తుందని భయపడుతున్నావనుకున్నాను."

"ఆ వాకిట్ల పేరు సెప్తే తుపాకి గుట్ట మీదికి పోతదని ఎరుకయి సెప్పలేదు బిడ్డా. నాలుగొద్దులు కొడుతరు, ఇడిసిపెడుతరు. ముసలిముండాకొడుకు కాడ ఏముందని సంపుతరు? ఓర్సుకుందామనుకున్న."

వదిలిపెట్టేవారో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ గడీలోకి వెళ్లి తిరిగి రానివాళ్లలో ఆయనకన్నా ముసలివాళ్లూ ఉన్నారు. ఆ భయమే ఆయనతో చెప్పాను. నిన్ను చంపేస్తారనుకున్నాను తాతా, అందుకే చెప్పాను అన్నాను. అవ్వ మళ్లీ ఆముదం రాయడం మొదలుపెట్టింది. నేను కళ్లు తుడుచుకుని లేవబోతుంటే తాత ఆపాడు.

"కొండెంగ ఎందుకు అరుస్తదని అడిగినవ్. ఏదుపంది ముల్లు ఇసురుతదా అని అడిగినవ్. అడగని ముచ్చట లేదు. గడీల నన్ను పెట్టిన అర్ర ఆ వరండ పక్కనే ఉండె. నీ మాటలన్ని నాకు ఇనబడుతనే ఉండె. చాయ తాగుకుంట అన్ని సెప్తివి గని, తాతా, నిన్ను ఇడిపియ్యాల్నా ఒద్దా అని లోపలికి ఒక్క మాట అడగకపోతివి బిడ్డా."